భుజం కుదిరితే కోటు కుదిరినట్లే

జాకెట్టు అన్న మాట వినగానే తెలుగు ఇళ్లలో స్త్రీలు ధరించే రవిక స్ఫురిస్తుంది. అందుచేత పురుషులు చొక్కాపై తొడుక్కునే వస్త్రాన్ని కోటు అని పిలవడమే మనకు అలవాటు. ఈ వ్యాసంలోనూ ఆ మాటనే వాడుతున్నాము. ఐతే మేము ప్రస్తావించబోయేది పెళ్లిపీటల మీద వరుడు ధరించే గట్టి సూటు కోటు కాదు. భుజాలలో మెత్తలు, ఛాతీలో కాన్వాసు, పూర్తి అస్తరు లేకుండా, దాదాపు చొక్కాను కుట్టినంత తేలికగా కుట్టిన కోటు. దుకాణాలలో దీనిని అన్‌స్ట్రక్చర్డ్ జాకెట్ అంటున్నారు. మనం మెత్తని కోటు అందాము.

ఇంజనీర్లకు దర్జీపనితో ఏమి సంబంధమని పాఠకులు ప్రశ్నించవచ్చు. కొలత, వెసులుబాటు, భారం, లాగుడు అన్న నాలుగు మాటలూ మా వృత్తిలో నిత్యం వినిపించేవే. పైగా, దుస్తులు ఒంటికి అతికి ఉండడం కర్మాగారంలో ఒకప్పటి నుండి ప్రాణానికి సంబంధించిన విషయం. కదిలే యంత్రాల దగ్గర పనిచేసేవారు ఒంటికి బిగుతుగా అమరే దుస్తులు ధరించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షనులో నిర్దేశించింది. కోటు కుదరకపోతే ప్రాణాపాయమేమీ లేదు. కానీ నష్టం లేకపోలేదు.

మన ఉద్యోగ కుటుంబాలలో కోటు తరచుగా కొనే వస్తువు కాదు. పిల్లల పెళ్లికో, విదేశీ పర్యటనకో, పదవీ విరమణ సభకో, జీవితంలో రెండు మూడు మార్లు మాత్రమే దానికోసం డబ్బు తీస్తాము. వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుంటూ దిగిన ఛాయాచిత్రం ముందు గదిలో గోడమీద దశాబ్దాలు ఉంటుంది. అందులో మెడ వెనుక కాలరు లేచి, చేతులు వేళ్లదాకా జారి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్లు కనిపించే కోటు కూడా అంతకాలమూ ఉంటుంది. ఆ సభ తరువాత కోటు బీరువాలోకి వెళుతుంది, మరి బయటికి రాదు. ఇందుకు మూలకారణం చాలామటుకు గుడ్డ నాసిరకం కావడం కాదు, కొలత కుదరకపోవడం.

దీనికి తోడు మన పొదుపు బుద్ధి ఒకటి ఉన్నది. ఎదిగే పిల్లవాడికి చొక్కా కుట్టించేటప్పుడు, వదులుగా ఉంటే రెండేళ్లు వస్తుందని ఇంట్లో పెద్దలు దర్జీకి చెప్పేవారు. అది వివేకమే. యాభై ఏళ్లు దాటినవారు కోటు కొనేటప్పుడు కూడా అదే సూత్రం పాటించడం మాత్రం వివేకం కాదు. భుజాలు ఇక ఎదగవు.

లోపల ఉండనిది ఏమిటి?

సంప్రదాయ కోటును విప్పి చూస్తే అందులో ఒక చిన్న కట్టడమే కనిపిస్తుంది. భుజాలలో దూదితోగాని స్పాంజితోగాని చేసిన మెత్తలు, ఛాతీలో గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసు, చేయి భుజంతో కలిసేచోట గుండ్రదనం నిలపడానికి దూది పట్టీ, కాలరు లోపల గట్టి నార, వీటన్నిటినీ కప్పే నున్నని అస్తరు ఉంటాయి. చవక రకాలలో కాన్వాసు బదులు జిగురుపూసిన గుడ్డను వేడితో అతికిస్తారు. ఈ సామగ్రి అంతా కలిసి కోటుకు సొంత ఆకారాన్ని ఇస్తుంది. లోపల మనిషి ఎలా ఉన్నా కోటు నిటారుగా నిలబడుతుంది. వాలిన భుజాలను ఎత్తి చూపుతుంది, చదునైన ఛాతీని నింపుతుంది.

మెత్తని కోటులో ఇవేవీ ఉండవు, లేదా నామమాత్రంగా ఉంటాయి. అస్తరు వేసినా వీపు పైభాగానికీ చేతులకూ పరిమితం. లోపలి కుట్లు కనబడతాయి కనుక వాటి అంచులను సన్నని పట్టీతో మూసి శుభ్రంగా కుడతారు. దీనివలన కోటు బరువు తగ్గుతుంది, గాలి ఆడుతుంది, చెమట త్వరగా ఆరుతుంది. బరువు సంగతి లెక్కవేసి చూడవచ్చు. సుమారు ఒకటిన్నర మీటర్ల పన్నా గల గుడ్డ రెండు మీటర్లు తీసుకుంటే మూడు చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 250 గ్రాముల గుడ్డ ఐతే మొత్తం 750 గ్రాములు. కత్తిరింపులో ఐదవ వంతు పోయిందనుకుంటే మిగిలేది 600 గ్రాములు. మన వాతావరణంలో ధరించడానికి ఇది భారం కాదు.

ఐతే ఈ సౌఖ్యానికి ఒక మూల్యం ఉంది. మెత్తని కోటుకు సొంత ఆకారం లేదు. ధరించిన మనిషి ఆకారమే దాని ఆకారం. దాచడానికి లోపల ఏ సామగ్రీ లేదు కనుక కొలతలోని ప్రతి దోషమూ బయటపడుతుంది. తేలిక రకం కోటే కదా, కొలత అటూ ఇటూ ఐనా పరవాలేదని చాలామంది భావిస్తారు. నిజానికి భుజం, మెడ, చంక విషయంలో దీనికే ఎక్కువ శ్రద్ధ అవసరం.

నేపుల్స్ నుండి మన సఫారీ వరకు

ఈ కుట్టుపనికి పేరు తెచ్చినది ఇటలీలోని నేపుల్స్ నగరం. 1930ల దశకంలో అక్కడ జెన్నారో రుబినాచ్చి నడిపిన 'లండన్ హౌస్' అనే దుకాణంలో విన్సెంజో అత్తోలీని అనే కటింగ్ మాస్టరు, ఆనాటి ఇంగ్లీషు కోట్లలోని మెత్తలను, గట్టి కాన్వాసును తీసివేసి తేలికపాటి కోటును రూపొందించారు. అక్కడి ఎండకు అది అనువుగా కుదిరింది. చొక్కా చేతిని కుట్టినట్లే కోటు చేతిని చిన్న చిన్న కుచ్చులతో భుజానికి కలిపే పద్ధతిని నేపుల్స్ దర్జీలు నేటికీ చొక్కా భుజం అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. తరువాత, 1975లో మిలాన్ నగరంలో సొంత సంస్థను ప్రారంభించిన జార్జియో అర్మానీ ఈ మెత్తదనాన్ని రెడీమేడ్ దుస్తులలోకి తెచ్చారు. 1980లో విడుదలైన 'అమెరికన్ జిగోలో' చిత్రంలో రిచర్డ్ గేర్ ధరించిన దుస్తులతో ఆయన పేరు ప్రపంచమంతటా మారుమోగింది. ఆయన 2025లో కన్నుమూశారు.

మనకు మాత్రం ఇది పూర్తిగా కొత్త కాదు. 1970, 80 దశకాలలో మన దేశపు కార్యాలయాలలో విరివిగా కనిపించిన సఫారీ సూటును తలచుకుంటే చాలు. మెత్తలు లేవు, కాన్వాసు లేదు, నాలుగు జేబులు, చొక్కావంటి కాలరు. అది కూడా మెత్తని కోటు జాతిదే. ముడతల నేతతో ఒంటికి అంటుకోకుండా ఉండే సీర్‌సకర్ అనే నూలుగుడ్డ పేరు కూడా పాలూ చక్కెరా అనే అర్థం గల పారశీక పదబంధం నుండి, మన దేశం మీదుగానే ఇంగ్లీషులోకి వెళ్లింది. ఎండ దేశాలవారికి తేలిక కోటు ఆవశ్యకత ఎవరూ బోధించవలసిన పని లేదు.

భారమంతా భుజాలదే

వంతెన బరువు చివరికి స్తంభాలమీదికి చేరినట్లు, కోటు బరువంతా మెడ మూలంనుండి భుజపు ఎముక చివరిదాకా ఉన్న కొద్దిపాటి స్థలం మీదికి చేరుతుంది. అక్కడ సరిగా ఆనితే మిగిలినదంతా దానంతట అదే వేలాడుతుంది. కనుక కోటు పరీక్ష ఎప్పుడూ భుజంతోనే మొదలు కావాలి.

వేలితో తడిమితే భుజపు ఎముక ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. చేతిని భుజానికి కలిపే కుట్టు సరిగ్గా అక్కడ ఉండాలి. మెత్తని కోటులో ఒక అర సెంటీమీటరు లోపలికి ఉన్నా తప్పులేదు, బయటికి మాత్రం రాకూడదు. గట్టి కోటులో భుజం కొంత బయటికి చాచినా మెత్త దానిని నిలబెడుతుంది. మెత్తని కోటులో ఆ ఆధారం లేదు. బయటికి వచ్చిన గుడ్డ ఆధారంలేని చూరులా కిందికి వంగి, చేతి పైభాగంలో సొట్ట పడుతుంది. భుజం ఇరుకైతే దీనికి విరుద్ధంగా చేతి కండ కుట్టును బయటికి తోస్తుంది, వీపు మీద అడ్డంగా లాగుడు కనిపిస్తుంది.

మరొక సంగతి. చాలామందికి రెండు భుజాలూ సమమైన ఎత్తులో ఉండవు. గట్టి కోటులో దర్జీ పల్లపు భుజం వైపు కాస్త మందమైన మెత్త వేసి సరిచేస్తాడు. మెత్తని కోటులో ఆ ఉపాయం లేదు కనుక కత్తిరించేటప్పుడే ఆ వైపు భుజపు వాలు మార్చాలి. కుట్టించుకునేవారు ఈ విషయం దర్జీకి ముందే చెప్పడం మంచిది. వాలిన భుజాలు ఉన్నవారికి మెత్తని కోటులో అవి వాలినట్లే కనిపిస్తాయి. అది దోషం కాదు.

మెడ, ఛాతీ

భుజం తరువాత మెడ. కోటు కాలరు వెనుక భాగం చొక్కా కాలరుకు ఆనుకొని ఉండాలి. రెండింటి మధ్య వేలు దూరేంత సందు ఉంటే, వీపు కొలత తప్పనో, భుజపు వాలు కుదరలేదనో అర్థం. చొక్కా కాలరు వెనుకవైపు ఒకటి నుండి ఒకటిన్నర సెంటీమీటరు పైకి కనిపించడం సమంజసం. తల అటూ ఇటూ తిప్పినప్పుడు, చేయి చాచి ఎదుటివారితో కరచాలనం చేసినప్పుడు కూడా కాలరు మెడను విడిచి పోరాదు.

ఛాతీ దగ్గర ఎంత వెసులుబాటు ఉండాలన్నది అందరూ అడిగే ప్రశ్న. ఒంటి కొలతపై సుమారు 8 నుండి 10 సెంటీమీటర్లు అధికంగా ఉంటే మెత్తని కోటుకు చాలు. 10 సెంటీమీటర్లు అనగానే చాలా ఎక్కువని తోస్తుంది. కానీ అది చుట్టుకొలత. దానిని వృత్తంగా భావించి 2π తో భాగిస్తే ఒంటి చుట్టూ దక్కే సందు 1.6 సెంటీమీటర్లు మాత్రమే. అందులోనే బనియను, చొక్కా, మన ఊపిరి ఇమడాలి. హైదరాబాదులోనో చెన్నైలోనో ఏసీ హాలులో ధరించడానికి ఇది సరిపోతుంది. ఉత్తరాదికి బదిలీ ఐనవారు జనవరి చలిలో లోపల స్వెట్టరు వేసుకోదలిస్తే మరి నాలుగు సెంటీమీటర్లు కలుపుకోవాలి. ఒకే కోటు రెండు అవసరాలకూ సమానంగా కుదరాలని ఆశించరాదు.

రెండు గుండీల కోటులో పై గుండీ మాత్రమే పెడతారు. అది బొడ్డుకు కొద్దిగా పైన, నడుము సన్నబడేచోట ఉండాలి. గుండీ పెట్టినప్పుడు దాని చుట్టూ ఇంటూ గుర్తు ఆకారంలో ముడతలు పడితే నడుము దగ్గర బిగుతుగా ఉన్నట్లు. కాలరు మడతలు ఛాతీమీద చదునుగా పరుచుకోకుండా విల్లులా ఉబ్బితే ఛాతీ చాలలేదన్నమాట. మెత్తని కోటును గుండీ పెట్టకుండా ధరించేవారే ఎక్కువ. అంతమాత్రాన గుండీ పడని కోటు కొనడం సరికాదు. గుండీ పెట్టగలిగినప్పుడే ముందు భాగాలు రెండూ విడిచినప్పుడు కూడా నిటారుగా దిగుతాయి.

చంక దగ్గర ఉన్న రహస్యం

చంక రంధ్రం పెద్దదిగా ఉంటే చేయి సులువుగా కదులుతుందని సామాన్యంగా అనుకుంటారు. వాస్తవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఈ విషయం ఒక చిన్న లెక్కతో బోధపడుతుంది.

చేతిని భుజం దగ్గర మడతబందుతో బిగించిన కడ్డీగా ఊహించండి. కడ్డీమీద బందునుండి 20 సెంటీమీటర్ల దూరంలో ఒక బిందువు తీసుకుందాము. దానికీ, ఒంటిమీద బందుకు దిగువన ఉన్న చంక కుట్టుకూ మధ్య గుడ్డ ఎంత కావాలన్నదే ప్రశ్న. చంక కుట్టు బందుకు 8 సెంటీమీటర్లు దిగువన ఉంటే, చేయి కిందికి వేలాడినప్పుడు ఆ దూరం 12 సెంటీమీటర్లు. చేతిని పక్కకు అడ్డంగా చాచినప్పుడు పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 21.5 సెంటీమీటర్లు. అనగా అదనంగా కావలసిన గుడ్డ 9.5 సెంటీమీటర్లు. చంక కుట్టును 14 సెంటీమీటర్ల దిగువకు దించితే మొదటి దూరం 6, రెండవది 24.4. అదనంగా కావలసినది 18.4 సెంటీమీటర్లు, దాదాపు రెట్టింపు. అంత గుడ్డ చేతిలో ఉండదు. కనుక చేయి ఎత్తగానే అది కోటునే పైకి లాగుతుంది. అంచు నడుముదాకా లేస్తుంది, కాలరు చెవులవైపు కదులుతుంది.

శరీరం ఈ లెక్కంత సరళమైనది కాదు గాని సూత్రం మారదు. చంక కుట్టు ఒంటికి ఎంత దగ్గరగా, ఎంత ఎత్తుగా ఉంటే చేయి అంత స్వేచ్ఛగా కదులుతుంది. ఒరుసుకోకుండా, చొక్కా నలగకుండా ఉండేటంత ఎత్తు చాలు. దుకాణంలో అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే ఈ దోషం బయటపడదు. బస్సులో పైకమ్మీని పట్టుకున్నట్లు ఒక చేయి ఎత్తి చూడాలి. బల్లమీద రాసేటట్లు రెండు చేతులూ ముందుకు చాచి చూడాలి. కోటు కొద్దిగా కదలడం సహజం. మొత్తం కోటు చేతితోపాటు ప్రయాణం చేస్తే దానిని అక్కడే వదిలి రావడం శ్రేయస్కరం.

పొడవులు

సూటు కోటు పొడవుకు పాత దర్జీలు పాటించే సూత్రం ఒకటి ఉంది. మెడ వెనుక ఎముకనుండి నేలవరకు కొలిచి అందులో సగం తీసుకుంటారు. ఆ దూరం 144 సెంటీమీటర్లైతే కోటు పొడవు 72. మెత్తని కోటుకు ఇందులో రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించవచ్చు. అంతకన్నా పొట్టి ఐతే పిరుదుల పైభాగంలో ఆగి, కోటు ముడుచుకుపోయినట్లు ఉంటుంది. చొక్కాను ప్యాంటు లోపలికి దోపుకోకుండా వదిలే అలవాటు ఉన్నవారు, చొక్కా అంచు కోటు కింద కనబడకుండా జాగ్రత్త వహించాలి.

చేతి పొడవు మణికట్టు ఎముకవద్ద ముగియాలి. నిండు చేతుల చొక్కా వేసినప్పుడు దాని అంచు ఒక సెంటీమీటరు కనిపించాలి. మన దుకాణాలలో తరచుగా కనిపించేది పొడవాటి చేయి. బొటనవేలి మొదలుదాకా జారిన చేతులు ఎంత ఖరీదైన కోటునైనా అరువు కోటుగా మార్చివేస్తాయి. మన చేతులు వేలాడేటప్పుడు కొద్దిగా ముందుకు వంగి ఉంటాయి. కోటు చేతిని కూడా ఆ కోణానికి అనుగుణంగా కలపాలి. లేనిచో మోచేతి వెనుకభాగాన మెలితిరిగిన ముడతలు పడతాయి.

ముడతలు చెప్పే మాట

గుడ్డ లాగుడును భరించగలదు, నొక్కుడును భరించలేదు. లాగినప్పుడు బిగుసుకుంటుంది, నొక్కినప్పుడు ముడత పడుతుంది. పలుచని రేకులలోనూ ఇదే ధర్మం మాకు కనిపిస్తుంది. ఈ ఒక్క సూత్రంతో కోటుమీది ముడతలను చదవవచ్చు.

అడ్డంగా బిగుసుకున్న ముడతలు ఇరుకును సూచిస్తాయి. నిలువుగా, వదులుగా వేలాడే మడతలు గుడ్డ అధికమైనట్లు చెబుతాయి. ఏటవాలు ముడతలు ఉంటే, అవి ఏ బిందువు వైపు గురిపెట్టి ఉన్నాయో ఆ బిందువు దగ్గర లాగుడు ఉన్నట్లు. కాలరుకు దిగువన వీపుమీద చాపచుట్టలాంటి అడ్డమడత కనిపిస్తే, ధరించినవారి భుజాలు కోటు ఊహించిన వాలుకన్నా ఎత్తుగా ఉన్నాయన్నమాట, లేదా వీపు ముక్క పొడవు ఎక్కువైనదన్నమాట. ఐతే నార, నూలు గుడ్డలు కూర్చుని లేచినంతమాత్రాన నలుగుతాయి. ఆ నలుగుడు గుడ్డ స్వభావం, కొలత దోషం కాదు. చేతితో దులిపి, సమంగా నిలబడిన తరువాత కూడా అదేచోట మళ్లీ పుట్టే ముడతనే లెక్కలోకి తీసుకోవాలి.

నడివయసు దేహం

రెడీమేడ్ కోట్లలో చాలా భాగం నడుము ఛాతీకన్నా సుమారు 15 సెంటీమీటర్లు తక్కువగా ఉండే యువకుడిని ఊహించి కుట్టినవి. ముప్ఫై ఏళ్లు బల్లముందు కూర్చున్నవారిలో ఈ తేడా 5 సెంటీమీటర్లకు దిగవచ్చు, కొందరిలో ఛాతీని పొట్టే మించవచ్చు. అప్పుడు చాలామంది పొట్టకు సరిపోయే సైజు ఎంచుకుంటారు. పొట్టకు కుదురుతుంది గాని భుజాలు రెండు వేళ్లు కిందికి జారతాయి, చంక దిగిపోతుంది, చేతులు పొడవౌతాయి. భుజానికి కుదిరిన కోటు తీసుకొని నడుము వదులు చేయించడమే సరైన మార్గం. అది సాధ్యం కాకపోతే కుట్టించుకోవడం ఉత్తమం.

డ్రాయింగు బల్లల మీద, ఆ తరువాత కంప్యూటర్ల ముందు వంగి పనిచేసినవారికి వీపు కొంత గుండ్రమౌతుంది. అటువంటివారికి వీపు ముక్క పొడవు పెంచాలి. లేనిచో వెనుక అంచు పైకి లేచి, కాలరు మెడను విడుస్తుంది. పొట్ట ముందుకు ఉన్నవారికి ముందు ముక్క పొడవు పెంచాలి. లేకుంటే ముందు అంచులు కత్తెరలా విడిపోతాయి. అద్దంలో ముందునుండి మాత్రమే చూసుకుంటే ఇవి తెలియవు. పక్కనుండి చూడడానికి వెంట వచ్చిన ఇల్లాలో, కుమార్తెనో సహాయం చేయాలి. వారి తీర్పు సాధారణంగా నిర్మొహమాటంగా ఉంటుంది. దానిని స్వీకరించడం క్షేమం.

ఈ వయసులో మనకు ఇదంతా ఎందుకనే మాట కూడా వినిపిస్తుంది. మారిన దేహాన్ని మారినట్లుగానే కొలిచి, దానికి తగినట్లు కుట్టించుకోవడం యువకుడిలా కనిపించాలన్న తాపత్రయం కాదు. జీవితమంతా ప్రతి యంత్రభాగాన్నీ కొలిచి అమర్చినవారు తమ విషయంలో కూడా ఆ శ్రద్ధ చూపడంలో తప్పేమున్నది?

దర్జీ సరిచేయగలిగినవి, చేయలేనివి

చేతి పొడవు తగ్గించడం సులభం. ఐతే చేతి అంచున నిజమైన కాజాలు కోసి ఉంటే కష్టం. నడుమును పక్క కుట్లదగ్గర బిగించడం తేలిక. వదులు చేయడం లోపల మిగిల్చిన కుట్టు మార్జినును బట్టి ఉంటుంది. అస్తరు లేని కోటులో అంచులు మూసి కుడతారు కనుక ఆ మార్జిను తక్కువగా ఉండవచ్చు, కొనేముందే తిరగేసి చూసుకోవాలి. కోటు పొడవు రెండు సెంటీమీటర్ల వరకు తగ్గించవచ్చు, అంతకు మించితే జేబులు అంచుకు దగ్గరై అసహజంగా కనిపిస్తాయి. కాలరు వెనుక సందును అనుభవజ్ఞుడైన దర్జీ కొంతమేరకు సరిచేయగలడు.

భుజం వెడల్పు మార్చాలంటే చేతులు విప్పి తిరిగి కత్తిరించాలి. ఆ ఖర్చుకు సగం కోటు వస్తుంది, ఫలితం అనుమానమే. దిగిపోయిన చంకను పైకి ఎత్తడం అసాధ్యమే అనవచ్చు, ఎందుకంటే కత్తిరించి పారవేసిన గుడ్డ తిరిగి రాదు. అందుచేత భుజం, చంక కుదరని కోటును ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోరాదు.

కుట్టించుకునేవారు గుడ్డ విషయంలో ఒక జాగ్రత్త పాటించాలి. మంగళగిరి చేనేతవంటి నూలుగుడ్డ ఎంచుకుంటే, కత్తిరించకముందే నీటిలో తడిపి ఆరబెట్టాలి. తడిపినప్పుడు గుడ్డ 4 శాతం కుదించుకుపోయిందనుకుంటే, 110 సెంటీమీటర్ల ఛాతీలో 4.4 సెంటీమీటర్లు పోతాయి. మనం ఇచ్చుకున్న వెసులుబాటులో దాదాపు సగం మొదటి ఉతుకులోనే మాయమౌతుంది. అలాగే కచ్చా కుట్టు వేసిన దశలో ఒకమారు తొడిగి చూపమని అడగడానికి మొహమాటపడరాదు. పూర్తయిన తరువాత చెప్పే దోషం దర్జీకీ మనకూ కూడా బాధాకరం.

దూరాన ఉన్న పిల్లలకు కొలత పంపడం

ఇప్పుడు మన సహోద్యోగులలో అనేకుల పిల్లలు విదేశాలలో ఉన్నారు. నాన్నగారి పదవీ విరమణకు కోటు తెస్తాము, సైజు చెప్పమని వారు అడుగుతారు. చొక్కా సైజు చెప్పి ఊరుకోవడం వలననే కుదరని కోట్లు విమానమెక్కి వస్తున్నాయి.

బ్రిటన్, అమెరికాలలో కోటు సంఖ్య ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తెలుపుతుంది. ఇటలీ, జర్మనీ తదితర దేశాలలో ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి అందులో సగం తీసుకుంటారు. 100 సెంటీమీటర్ల ఛాతీకి అక్కడ 50, ఇంగ్లీషు లెక్కలో దరిదాపుగా 40. అంగుళాల సంఖ్యకు 10 కలిపితే యూరపు సంఖ్య వస్తుందని గుర్తుంచుకోవచ్చు. సంఖ్య పక్కన ఉండే షార్ట్, రెగ్యులర్, లాంగ్ అన్న మాటలు మనిషి ఎత్తుకు సంబంధించినవి, లావుకు కాదు. వీటికన్నా నమ్మకమైన మార్గం మరొకటి ఉన్నది. ఇంట్లో బాగా కుదిరిన పాత కోటునో, సఫారీనో బల్లమీద పరిచి భుజం నుండి భుజం, చంకనుండి చంక, వెనుక పొడవు, చేతి పొడవు అనే నాలుగు కొలతలు తీసి పంపాలి. మన దర్జీల ఆది పద్ధతి ఇదే. అన్ని దేశాలలోనూ పనిచేస్తుంది.

జేబులు, భద్రత

మెత్తని కోటు జేబులను సాధారణంగా పైన అతికించి కుడతారు. లోపల కాన్వాసు లేదు కనుక జేబులోని బరువంతా ముందు గుడ్డ మీదనే పడుతుంది. సెల్‌ఫోను, పర్సు, తాళాలగుత్తి, కళ్లజోడు కలిస్తే అరకిలోకు చేరవచ్చు. అది ఇంచుమించు కోటు బరువంత. కోటు తొడిగి చూసేటప్పుడు నిత్యం మోసే వస్తువులను జేబులలో వేసుకొని మరీ చూడాలి. కోటు ఒకవైపు ఒరిగితే బరువైనవి ప్యాంటు జేబులోకి మార్చాలి.

ఇంట్లో భద్రపరచడానికి వెడల్పైన చెక్క హ్యాంగరు వాడాలి. సన్నని తీగ హ్యాంగరుకు తగిలిస్తే భుజం దగ్గర బొడిపె కట్టి, మెత్త లేనందున అది అలాగే నిలిచిపోతుంది. వానాకాలంలో తడిగాలి తగలకుండా, అప్పుడప్పుడు నీడలో ఆరవేయాలి.

దుకాణంలో చేయవలసిన పరీక్ష

పైన చెప్పిన విషయాలను పాఠకుల సౌకర్యార్థం క్రోడీకరిస్తున్నాము.

1. కోటుతో ధరించబోయే చొక్కానే వేసుకొని వెళ్లాలి.
2. భుజపు కుట్టు ఎముక చివర ఉన్నదా అని వేలితో తడిమి చూడాలి.
3. కాలరు మెడకు ఆనుకొని ఉన్నదా అని వెంట వచ్చినవారిని అడగాలి.
4. పై గుండీ పెట్టి, దీర్ఘంగా ఊపిరి తీసుకోవాలి.
5. ఒక చేయి పైకెత్తాలి, తరువాత రెండు చేతులూ ముందుకు చాచాలి.
6. గుండీ విప్పి కుర్చీలో కూర్చొని లేవాలి. లేచిన తరువాత కోటు దానంతట అది సర్దుకోవాలి.
7. చేతి పొడవు, వెనుక పొడవు చూడాలి.
8. పక్కనుండి, వెనుకనుండి ఛాయాచిత్రం తీయించుకొని చూడాలి.
9. లోపలివైపు తిరగేసి కుట్టు మార్జిను పరిశీలించాలి.
10. చివరగా మాత్రమే ధర చూడాలి.

ఈ పరీక్షకు పది నిమిషాలకు మించి పట్టదు. రెండవ, ఐదవ అంశాలలో తప్పిన కోటును మిగిలిన ఎనిమిదింటిలో ఎంత బాగున్నా కొనరాదని మా సలహా. మిగిలినవాటిలో చాలామటుకు మన కాలనీ దర్జీయే సరిచేయగలడు.

సరిగా కుదిరిన మెత్తని కోటును తొడిగిన కాసేపటికే మరచిపోతాము. సర్దుకోవలసిన పని ఉండదు, చేతులు కట్టివేసినట్లు ఉండదు. పదవీ విరమణ సభకు తీసుకున్నది ఆ మరుసటి నెల మనుమడి పుట్టినరోజుకు, శీతాకాలపు రైలు ప్రయాణానికి, సాయంకాలపు నడకకు కూడా పనికివస్తుంది. పెట్టిన ఖర్చు ఆ విధంగా గిట్టుబాటవుతుంది. రాబోయే శుభకార్యాల సందర్భంగా కోటు కొనదలచిన సహోద్యోగులు, వారికోసం కొనదలచిన కుటుంబసభ్యులు కొలతపట్టీ ఒకటి వెంట తీసుకొని బయలుదేరవలసినదిగా కోరుతున్నాము.